చెయ్యి తీస్తే నిలబడాలె

మధ్యాహ్నం మూడుంపావుకు నా కుడి అరచేతికి ప్రమాదం తెలిసింది. స్క్రూడ్రైవర్ వెంట్రుకవాసి పైకి లేచింది. కిర్రుమంది. ఆగిపోయాను.

మన్సూరాబాద్‌లో మా అద్దె ఇంటి మెట్టు. తెలంగాణ బంద్ రోజు. బస్సు లేదు, ఆటో లేదు. అంబులెన్స్ కోసం చేసిన ఫోన్ రెండుసార్లూ కలవలేదు. నా మూడేళ్ళ బాబుకు ఆయాసం. ఇన్హేలర్ ఖాళీ. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. మా ఆయన సరిహద్దులో డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే బండి, మా నాన్న నడిపిన పాత జపాన్ మోటార్‌సైకిల్. ఆరు నెలలుగా కదల్లేదు. ఇరవై కిక్కులు కొట్టినా అందుకోలేదు. పాత పెట్రోలు జిగురై కార్బురేటర్‌లో పట్టేసింది. దాన్ని ఊడదీసి మెట్టు మీద బోర్లించాను. అడుగు గిన్నెకు నాలుగు స్క్రూలు. మొదటిదాని గాడి అంచు అప్పుడే అరిగి మెరుస్తోంది. ఇంకోసారి జారితే గాడి పోతుంది. గాడి పోతే బండి లేదు.

పై వాటాలో ఉండే కోస్తా ఆంటీ బాబును ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. “ఏమ్మా, అవుతుందా?”

“అయితది ఆంటీ. జర ఆగున్రి.”

ఆ ‘జర ఆగు’ నాకు నేర్పింది హవల్దార్ సాబ్.

నేను ఐదేళ్ళు సైన్యంలో ఉన్నాను, మరమ్మతుల విభాగంలో ఆఫీసర్‌గా. చివరి పోస్టింగ్ పన్నెండు వేల అడుగుల ఎత్తున, ఒక కొండ వర్క్‌షాప్. నవంబర్ మొదటి వారం, ఉదయం పదకొండున్నరకు ట్రక్కు దిగాను. మైనస్ తొమ్మిది. రేకుల షెడ్డు, రెండు బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి. కాళ్ళకు మూడు జతల మేజోళ్ళు, చేతులకు రెండు జతల తొడుగులు. అప్పటికి రెండేళ్ళున్న పాపను దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. ఎడమ జేబులో దాని ఫొటో.

షెడ్డు మూలన ఒక పాత జపాన్ బండి ఉండేది. ఎప్పటి ఆఫీసరో వదిలి వెళ్ళింది. రోడ్డు తెరిచి ఉన్నప్పుడు పై పోస్టుకు మందులు మోసేది అదే. ఆ ఎత్తులో గాలి పలుచన, కాబట్టి పెట్రోలు తగ్గించాలి. అందుకు కార్బురేటర్ విప్పాలి. నేను ఇంజనీరింగ్ చదివినదాన్ని. కిట్‌లోంచి కొత్త స్టార్ బిట్, అంటే స్క్రూడ్రైవర్ మొన, తీశాను. అరగంటలో రెండు స్క్రూల తలలు చెడగొట్టాను.

హవల్దార్ సాబ్ మా పెద్ద మెకానిక్. నల్లగొండ పల్లె మనిషి, ఇరవై రెండేళ్ళ సర్వీసు. తొడుగు తీసి ఉత్త వేలితో స్క్రూ తల తడిమాడు.

“మేడం, చుక్క చూసిన్రా?”

స్క్రూ తల మీద సూదిమొనంత చుక్క ఉంది.

“చుక్క ఉంటే జపానోని ఇస్క్రూ. చూస్తే స్టార్ లెక్కనే ఉంటది, మోసం చేస్తది. మన బిట్టుకు ముక్కు పొడుగు. ముక్కు పోయి అడుగుకు తాకుతది, రెక్కలు గోడకు ఆనవ్. మీరు ఎంత బలం పెడితే గంత కొరుకుతది.”

“మరెట్ల?”

“ముక్కు కోద్దాం.”

బిట్ కొసను ఆకురాయితో చదును చేశాడు. పది రాపిళ్ళు, ఒక చూపు. మళ్ళీ పది. సూదితో గాడిలోని మట్టి తీశాడు. బిట్‌ను స్క్రూలో నిలువుగా పెట్టి చేతులు తీసేశాడు. చలికి పగిలిన రెండు అరచేతులూ పొయ్యి వెలుగులో నా ముందు చాపి చూపించాడు. బిట్ ఒక్కటే నిలబడింది.

“చెయ్యి తీస్తే నిలబడాలె మేడం. గప్పుడే తిప్పాలె.”

నేను చెడగొట్టిన రెండింటినీ కూడా అతనే తీశాడు. బిట్ మీద సుత్తితో చిన్న దెబ్బ వేసి, పట్టు దొరికాక తిప్పాడు. ఇంతలో రేడియో పలికింది. “వర్క్‌షాప్, ఇది పై పోస్టు. ఒకరికి జ్వరం. బండి ఎంతసేపట్లో? ఓవర్.”

సిగ్నల్ ఆపరేటర్ కోస్తా జిల్లా మనిషి. “ఏం చెప్పమంటారు హవల్దార్ గారూ?”

“జర ఆగుమను.”

“జర అంటే ఎంతండీ?”

“తెలంగాణ ఒచ్చినంక చెప్త.”

“వచ్చాక మా బళ్ళెవరు బాగుచేస్తారు మరి?”

“వీసా తీస్కొని రా. చేస్త.”

ముప్పై ఐదు నిమిషాల్లో బండి బయల్దేరింది. సాయంత్రాలు వాళ్ళిద్దరూ వార్తలు పెట్టుకుని పోట్లాడుకునేవారు. పాప ఉన్న దిల్‌సుఖ్‌నగర్ పేరు వినపడితే మాత్రం ఇద్దరూ పోట్లాట ఆపి, నా వైపు చూసి, రేడియో చప్పుడు పెంచేవారు.

నేను కొండ దిగే రోజు హవల్దార్ సాబ్ ఆ బిట్‌నూ, చుక్క ఉన్న స్క్రూ ఒకటీ అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఇంటికి చేరితే పాప నన్ను చూసి అమ్మమ్మ చీర వెనక దాక్కుంది. మూడో రోజుకు గానీ ఒడిలోకి రాలేదు.

ఆ అగ్గిపెట్టె నల్ల ట్రంకులో ఉంది, ఉన్ని టోపీ కింద. పరుగెత్తి తెచ్చాను. గాడిని సూదితో గీకాను. బిట్ పెట్టి చేయి తీశాను. ఒరిగి పడిపోయింది. మళ్ళీ పెట్టి, సుత్తితో ఒక్క చిన్న దెబ్బ వేసి, చేయి తీశాను.

“చేతులెత్తేసి చూస్తావేంటమ్మా! తిప్పు!” ఆంటీ కేకేసింది.

నిలబడింది. తిప్పాను. టక్కుమని వదిలింది.

మిగతా మూడూ వచ్చాయి. పెట్రోలు వచ్చే జెట్ రంధ్రంలో సన్నని తీగ దూర్చి ఊదాను. అంతా బిగించాను. మూడూ నలభై ఎనిమిదికి, రెండో కిక్కుకు బండి అందుకుంది. పాప పై వాటాలో ఆంటీ వాళ్ళ ఆయన దగ్గర ఉండిపోయింది. బాబును ఒళ్ళో పెట్టుకుని ఆంటీ వెనక కూర్చుంది. “దారిలో ఆపితే నేను మాట్లాడనమ్మా. నోరు తెరిస్తే మా యాస పట్టేస్తారు.”

చైతన్యపురి దగ్గర రోడ్డుకు అడ్డంగా టైర్లు, జెండాలు. ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. “అక్కా, బంద్. ఎటు పోతున్నవ్?”

నేను నోరు తెరిచేలోపే ఆంటీ అరిచింది. “పిల్లాడికి ఊపిరాడట్లేదు బాబూ, జరగండి!”

అతను బాబు ముఖం చూశాడు. “అరే, తొవ్వ ఇడువున్రి! పెద్దమ్మా, గట్టిగ పట్టుకో.”

నాలుగూ పదిహేనుకు మలక్‌పేట దవాఖానలో బాబు ముఖానికి మాస్కు పెట్టారు. ఆయాసం తగ్గాక, చీకటి పడేలోపు ఇల్లు చేరాం.

ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి వెళ్ళి వాడి ఊపిరి విని వచ్చాను. విన్నప్పుడల్లా పొయ్యి వెలుగులో చాపిన ఆ రెండు అరచేతులే కనిపిస్తాయి.

బంద్ మర్నాడు పొద్దున పాప అడిగింది. “అమ్మా, తమ్ముడు ఏడుస్తుంటె నువ్వు చేతులు తీసేసి ఊకె ఎందుకు కూసున్నవ్?”

ఇద్దరినీ మెట్టు మీద కూర్చోబెట్టాను. అగ్గిపెట్టెలోని స్క్రూను నా వేళ్ళ మధ్య నిలువుగా పట్టుకున్నాను. పాప బిట్ పెట్టి చేయి తీసింది. బిట్ నిలబడింది. బాబు వంగి, బుగ్గలు పూరించి, ఉఫ్ అని ఊదాడు. బిట్ కదల్లేదు.

“ఇంకోసారి ఊదు నాన్నా,” అన్నాను.