మేష్టారి ముఖం చూసిన నెల

నిన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పంపారు. ఇస్లాముకూ పాశ్చాత్య దేశాలకూ ఏనాటినుంచో పడదనీ, అందుకని ముస్లిములకు ఇల్లు అద్దెకిచ్చేముందు ఆలోచించుకోమనీ దాని సారాంశం. ఎక్కడి యుద్ధాలకూ మా మూడో అంతస్తు పోర్షనుకూ ఏమిటి సంబంధం? నాకు ముందు ఆ పంపినవాళ్ళ మీదే అనుమానం వచ్చింది. అనుమానం మాకు మామగారి నుంచి సంక్రమించిన ఆస్తి. రాజమండ్రిలో బట్టల కొట్టు ఆయనది. తడిపి పిండి చూడందే ఏ గుడ్డ రంగునూ నమ్మిన మనిషి కాదు.

అలాంటాయన ఒకప్పుడు మేడ మీద వాటాను ఒక ముస్లిం మేష్టారికి అద్దెకిచ్చారు. చరిత్ర లెక్చరరుగా రిటైరై, భార్య పోయి ఒంటరిగా మిగిలిన మనిషి. పేరు వినగానే "ఇప్పుడే ఇచ్చేశామండి" అన్న గుమ్మాలన్నీ దాటుకుని మా ఇంటికి చేరారు. ఏడాది బాగానే గడిచింది. తర్వాత పాత ఖగోళ శాస్త్రం మీద పరిశోధన అంటూ ఇంగ్లండు నుంచి ఒకాయన మేష్టారి దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. అప్పుడే ఏదో దేశంలో బాంబులు పడుతున్నట్టు టీవీలో రోజూ చూపిస్తున్నారు. పక్క కొట్టాయన వచ్చి, "తెల్లోడికీ ఈయనకీ అంతంతసేపు మాటలేంటండీ? మనకెందుకొచ్చిన గొడవ, ఖాళీ చేయించెయ్యండి" అన్నాడు. మామగారు సరేనన్నారు. నాకు మేష్టారిని తలుచుకుంటే దిగులేసింది. మళ్ళీ ఎన్ని గుమ్మాలు ఎక్కాలో.

ఆ మాట చెప్పడానికి మామగారు మేడెక్కిన సాయంత్రమే రంజాను నెలవంక కనబడాలి. కాఫీలు పట్టుకుని నేనూ వెళ్ళాను. నెలపొడుపు చూడగానే కళ్ళు మూసుకుని, తెరిచి వేలి ఉంగరాన్ని చూడడం మామగారికి అలవాటు. చంద్రుడి తర్వాత దేన్ని చూస్తే నెలంతా దాని మీదే నడుస్తుందని ఆయన నమ్మకం.

మేడ మీద మేష్టారికీ ఇంగ్లండాయనకూ వాదన జరుగుతోంది. మేష్టారు మామగారి కోసం తెలుగులో చెప్పారు. "ఈయన ల్యాప్‌టాప్ లెక్క ప్రకారం చంద్రుడు వచ్చేశాడటండి. ఆ లెక్కలు వీళ్ళ పెద్దలు అరబ్బీ పుస్తకాల్లోంచే నేర్చుకున్నారు. తర్వాత మాకే నాగరికత నేర్పుతామని ఓడలెక్కి వచ్చారు. నా కంటికి కనబడితేగానీ నేను నమ్మను."

ఇంగ్లండాయనకు తెలుగు రాకపోయినా నవ్వాడు. ఆ నవ్వునూ మామగారు అనుమానంగానే చూసి, చెప్పడానికి గొంతు సవరించుకున్నారు. అంతలో గోదావరి మీద, కొవ్వూరు వైపు మబ్బు విడిపోయింది. సన్నటి వంక. మామగారు చూశారు, కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఎదురుగా మేష్టారు, ముఖం నిండా సంతోషంతో, "చాంద్ ముబారకండి" అంటూ చేతులు పట్టుకున్నారు.

మామగారు, "కాఫీ చల్లారిపోతోంది, తాగండి మేష్టారూ" అన్నారు.

మెట్లు దిగుతూ అడిగాను, "చెప్పలేదేంటి మామయ్యగారూ?"

"ఈ నెలంతా ఆయన ముఖం మీదే నడవాలమ్మా. ఆయన్ని ఏడిపిస్తే మనకేం ఒరుగుతుంది? ఈ నెల చూద్దాం."

ఆ నెల వ్యాపారం బాగా జరిగింది. రంజానుకు బట్టల కొట్టు నడవకపోతే కదా వింత. అయినా తర్వాతి నెలపొడుపుకు ఆయన మళ్ళీ మేడెక్కారు, మేష్టారి ఎదురుగానే నిలబడ్డారు. అనుమానం పోయిందని నేననుకోను. ఇంగ్లండాయన వచ్చినప్పుడల్లా ఏదో పనున్నట్టు మెట్ల మీద తచ్చాడుతూనే ఉండేవారు. కానీ ఖాళీ చేయమన్న మాట ఆయన నోట రాలేదు. ఈ ఒక్క నెలా చూద్దాం, ఈ ఒక్క నెలా చూద్దాం అనుకుంటూనే మామగారూ మేష్టారూ ఆ మేడ మీద మిగిలిన బతుకంతా గడిపేశారు.