మా పిల్లి దినచర్య, పెద్దాయన గోడ

పిల్లి వల్ల మనిషికి ఏం నష్టం? మహా అంటే పాలు పోతాయి, పెరుగు పోతాది. నాకు మాత్రం మొన్న తలే పోయేది! ఎట్ల మిగిలిందో చెప్తా, నవ్వకుండా వినండి. నవ్వినా పరవాలేదులే, మా ఆమె నవ్వినంత మీరు నవ్వలేరు.

జమ్మలమడుగు బస్టాండు పక్కన నాది గడియారాల రిపేరు అంగడి. కంటికి భూతద్దం తగిలించుకోని పొద్దుగూకులూ పండ్ల చక్రాలతో కుస్తీ పడతా. నిమిషం తేడా వచ్చిందంటే నాకు ముద్ద దిగదు. అది గుణం కాదు, రోగం. ఆ రోగమే నా కొంప ముంచింది.

మా ఇంట్లో రాణి అని ఒక తెల్లపిల్లి ఉంది. పెట్టింది తినదు. పాలు పోస్తే మూతి తిప్పుకుంటాది. అయినా దినదినానికీ లావెక్కుతాంది! మా ఆమె పద్మావతికి భయం పట్టుకుంది.

"కడుపులో గడ్డ ఏమన్నా లేచిందేమో. ముందు దాన్ని చూపించుకోని రాపో. నీ గడియారాలు యాడికీ పోవులే, అవి ఎట్లాగూ నడవవు కదా!"

సంచిలో పెట్టుకోని పశువుల ఆసుపత్రికి పోయినా. ఆడ అన్నీ గొర్రెలు, ఎనుములు. వాటి మధ్య సంచి పట్టుకోని నేను. కాంపౌండరు సంచి మూతి విప్పి చూసి, "ఏందప్పా ఇది? ఇన్నేండ్ల సర్వీసులో పిల్లిని మోసుకొచ్చినోనివి నువ్వొక్కనివే!" అన్నాడు. కడుపు పిసికినాడు. అది ఆయన చెయ్యి గీరింది.

"దీనికి రోగం లేదు, రొష్టు లేదు. యాడనో బాగా మేస్తాంది. పదైదు దినాలు అది యాడికి పోతాదో, ఏం తింటాదో రాసుకోనిరాపో, చూద్దాం."

నన్ను ఆడ్నించి తరిమేయడానికే ఆయన ఆ మాట అన్నాడని మా ఆమె ఇప్పటికీ అంటాది. నేను మాత్రం దావలోనే ఎనభై పేజీల నోటుబుక్కు కొన్నా. అట్ట మీద పెద్దక్షరాలతో 'పిల్లి దినచర్య' అని రాసినా. లోపల స్కేలు పెట్టి గీట్లు కొట్టినా. టైము ఒక గడి, చోటు ఒక గడి, చేసే పని ఒక గడి.

మొదటి దినమే గుట్టు తెలిసిపోయింది. రాణి మేసేది ఎదురింట్లో!

ఎదురిల్లు అంటే మామూలు ఇల్లు కాదు. మా వీధి పెద్దాయనది. పార్టీలో పేరున్న మనిషి. వెనకాల వర్గం ఉంది, ముందర పగ ఉంది. ఇనుప గేటు, గాజుపెంకులు గుచ్చిన గోడ, జీపు, గవర్నమెంటోళ్లు ఇచ్చిన గన్‌మన్. అట్లాంటి ఇంటి దిక్కు మా ఊర్లో ఎవరూ తేరిపార చూడరు. "బాగుండావా అప్పా" అని తల వంచుకోని పోవడమే. అట్లాంటిది, ఆ ఇంటి దిక్కు నేను తొమ్మిది దినాలు చూసినా. చేతిలో వాచీ పట్టుకోని మరీ!

ఆ చూడటమన్నా సక్కంగా చూసినానా? ఎదురుగా నిలబడితే పిల్లి వేషాలు మారుస్తాదని, అంగడికి బీగం వేసి, మిద్దె మీద దుప్పటి ఆరేసి దాని వెనక కూర్చున్నా. దుప్పటికి ఒక బొక్క. బొక్కకు నా కన్ను. కంటికి భూతద్దం వద్దులే అని నేనే సర్దిచెప్పుకున్నా.

దినాలు గడిచేకొద్దీ పని మీద మోజు పెరిగింది. టైము ఒక్కటీ రాస్తే చాలదనిపించి మ్యాపు గీసినా. పెద్దాయన ఇల్లు, గోడ, వేపచెట్టు, జీపు నిలిపే చోటు, వంటింటి కిటికీ. పిల్లి పోయే దావకు ఎర్ర పెన్నుతో బాణాలు. గోడ ఎత్తు తెలియకపోతే మ్యాపు ఏం మ్యాపు? ఒకదినం గోడ పక్కన పోతా పోతా గొడుగు ఎత్తి కొలిచినా. రెండు గొడుగులు, ఒక జాన!

అప్పటికీ ఒక అనుమానం తీరలేదు. పిల్లికి ముద్ద పడేది ఎవరి విస్తట్లోంచి? వాళ్ల ఇంట్లో వంట చేసే సుబ్బమ్మ కొళాయి కాడ కనపడితే అడిగేసినా.

"అక్కా, మీ పెద్దాయన పగలు ఎన్నింటికి అన్నానికి కూర్చుంటాడు? పక్కన ఎవరుంటారు?"

ఆమె బిందె ఆడనే వదిలేసి ఇంట్లోకి ఉరికింది. అయ్యో, నీళ్లు పొర్లిపోతాండాయే అని నేనే కొళాయి కట్టేసి వచ్చినా. నా తెలివి అంత!

పదో దినం పగలు, రిపేరు వాచీలు ఇచ్చేద్దామని అంగడి తెరిస్తే ఇద్దరు వచ్చినారు. "పెద్దాయన రమ్మంటాండాడు" అన్నారు. గోడగడియారం ఆగిందేమో అనుకోని స్క్రూడ్రైవర్ల డబ్బీ చంకన పెట్టుకున్నా.

"డబ్బీ వద్దు. ఆ పుస్తకం తీసుకో" అన్నాడు ఒకడు.

నా లోపల లోలకం టక్కున ఆగింది.

పెద్దాయన వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. చుట్టూ ఆరేడుమంది. పక్కన గన్‌మన్ నరసింహులు, తుపాకీ నిలబెట్టుకోని, మీసం దువ్వుకుంటా.

"ఈయనే సార్! దుప్పటి చాటున తొమ్మిది దినాలు! నేను రెప్ప వేయకుండా కనిపెడతానే ఉండా" అన్నాడు.

పెద్దాయన అద్దాలు పెట్టుకోని చదవబట్టినాడు. "'ఆరూ పది, వేపకొమ్మ మీంచి లోపలికి. తొమ్మిదింబావు, జీపు కింద. గోడకు గాజుపెంకులు ఉన్నాయి గానీ కొమ్మ మీంచి అయితే అడ్డం లేదు. వంటింటి కిటికీకి జాలీ లేదు.'"

నేను రాసిందే. ఆయన గొంతుతో వింటాంటే ఎవడో హంతకుడు రాసినట్టుంది.

"ఎవరు రాయమన్నారు?" మెల్లగా అడిగినాడు. మా దిక్కు పెద్దోళ్లు అరిస్తే భయం లేదు. మెల్లగా అడిగితేనే భయం.

"కాంపౌండరప్పా. పశువుల ఆసుపత్రి కాంపౌండరు. మా పిల్లి కోసరం. అట్ట మీద రాసినా చూడప్పా, పిల్లి దినచర్య అని!"

"పిల్లికెవరన్నా టైములు రాస్తారా సార్?" అన్నాడు నరసింహులు. "ఈ తాలూకాలో టైము రాసేది రెండిటికే. ఒకటి బస్సుకు. రెండోది వేసేయాల్సిన మనిషికి."

న్యాయంగా చెప్పాల్నంటే, ఆ మాట నాక్కూడా నిజమే అనిపించింది.

"మొన్న ప్రొద్దుటూరికి ఎందుకు పోయినావు?"

"వాచీ సెల్లులకప్పా."

"దానికి ముందు పులివెందులకు?"

"మా బామ్మర్ది కొడుకు పుట్టెంటికలకప్పా."

"గొడుగు ఎత్తి గోడ ఎందుకు కొలిచినావు? వాన కూడా లేదే!"

"మ్యాపుకప్పా" అన్నా. నేను చెప్పే ప్రతి నిజమూ అబద్ధం మాదిరే వినపడతాంది. ఇంక నిజం చెప్పడం మానేద్దామా అని కూడా అనిపించింది.

పెద్దాయన వేలు పెట్టి ఒక గీటు చూపించినాడు. "పగలు ఒకటీ ముప్పైఐదుకు మళ్లీ కొమ్మ మీంచి దిగుతాదని రాసినావు. ఇప్పుడు ఒకటీ ఇరవై. కూర్చో. దిగితే నీ మాట నిజం. దిగకపోతే..."

అందరమూ వేపచెట్టు దిక్కు చూస్తా కూర్చున్నాం. పెండ్లిపీటల మీద పద్మావతి కోసం కూడా నేను అంతగా ఎదురుచూసి ఉండను. ఒకటీ ముప్పైఐదు అయింది. కొమ్మ కదల్లేదు. నలభై అయింది. ఒక ఉడత దిగింది. నరసింహులు నా దిక్కు చూసి మీసం ఇంకోవైపు దువ్వినాడు.

ప్రాణం మీదికి వచ్చినా రోగం ఊరుకుంటాదా? "అప్పా, మీ గోడగడియారం నాలుగు నిమిషాలు ఫాస్టు" అన్నా.

పొద్దుపోక పెద్దాయన మళ్లీ పుస్తకం తిరగేసినాడు. ఒక పేజీ కాడ చెయ్యి ఆగింది. గట్టిగా చదివినాడు.

"'గురువారం. రెండు నుంచి మూడున్నర. గన్‌మన్ నిద్ర. పిల్లి ఆయన కడుపు మీద నిద్ర. శుక్రవారం, అదే. శనివారం, అదే. గురక.'"

"గురక ఎవరిది?" అన్నాడు పెద్దాయన.

"దూరం కదప్పా, సరిగ్గా తెలియలేదు. ఇద్దరిదీ అనుకుంటా."

"అబద్ధం సార్!" నరసింహులు తుపాకీ చేయి మార్చుకున్నాడు. "పిల్లులంటే నాకు పడనే పడదు సార్!"

పెద్దాయన అద్దాలు సర్దుకోని ఆయన ఖాకీ చొక్కా దిక్కు చూసినాడు. పొట్ట మీద, గుండీల మధ్య, తెల్ల బొచ్చు. ఒక చిన్న కంబళి నేయొచ్చు.

అప్పుడు వచ్చింది మా రాణి! కొమ్మ మీంచి కాదు, వంటింట్లోంచి. పెద్దాయన నా పుస్తకం పట్టుకోని కూర్చుంటే ఇంట్లో ఎవరూ అన్నానికి లేవలేదు కదా, విస్తరి ఎందుకు లేట్ అయిందో విచారించడానికి వచ్చినట్టు వచ్చింది. నా ముందర నుంచే పోయింది. నన్ను చూడను కూడా చూడలేదు! సక్కా నరసింహులు కాళ్లకు చుట్టుకోని, ఇంకా అన్నానికి కూర్చోవేమని అరవబట్టింది.

మొదట నవ్వింది పెద్దాయనే. తర్వాత అందరూ. నరసింహులు, నేను తప్ప.

"ఏమప్పా," అన్నాడు కండ్లు తుడుచుకోని, "ఈ తొమ్మిది దినాలూ నా ఇంటికి కాపలా ఉండింది నువ్వొక్కనివే కదా! టీ తాగిపో. పుస్తకం మాత్రం ఈడనే ఉంచు."

టీ ఎట్ల తాగినానో, వీధి ఎట్ల దాటినానో గుర్తులేదు. గ్లాసు చేతిలోనే ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వేపకొమ్మ నరికేసినారు. మూడో దినానికి వంటింటి కిటికీకి జాలీ వచ్చింది. వారం తిరిగేలోపల గోడ ఇంకో గొడుగంత లేచింది. మేస్త్రీ నా మ్యాపు చేతిలో పట్టుకోనే పని చేసినాడు. ఎర్రబాణం పెట్టిన చోటల్లా ఒక ఇటుక! నరసింహులు పోయి కొత్త గన్‌మన్ వచ్చినాడు. వయసోడు. నిద్రపోడు. ఒళ్లోకి రానీడు.

పెద్దాయనకు ఇప్పుడు ఏ భయమూ లేదు. భయమంతా నాకే.

ఎందుకంటే రాణి ఇంట్లోనే ఉంటాది. పాలన్నం ముట్టదు. మాంసం మరిగిన నోరు! రోజంతా నా ఎదురుగా కూర్చోని, రెప్ప వేయకుండా చూస్తాది. నేను లేచేటప్పటికి తల కాడ ఉంటాది. అంగడికి పోతాంటే గడప కాడ, వస్తాంటే మా గోడ మీద.

పద్మావతి పట్టపగ్గాలు లేకుండా నవ్వుతాది. "నువ్వు ఎన్నింటికి లేస్తావో, ఎన్నింటికి తింటావో, ఎన్నింటికి ఒంటరిగా ఉంటావో దానికి కంఠతా వచ్చింది. పెన్ను పట్టుకోను రాక ఊరుకుంది గానీ!"

ఊర్లో రెండు వర్గాలకూ దండం పెట్టి, ఎవరితోనూ పగ లేకుండా ఇన్నేండ్లు నెట్టుకొచ్చినోన్ని. ఇప్పుడు స్నానానికి పోయేముందు గొళ్లెం పడిందో లేదో రెండుసార్లు చూసుకుంటాండా.