నిండని గీతను నిండిందని చెప్పిన నోరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కల్లారా, చెల్లెళ్లారా, నా సాక్ష్యం మీరు ఇదివరకే ఒకసారి విన్నరు, విని చప్పట్లు గూడ కొట్టిండ్రు, కని ఆ సాక్ష్యం అబద్ధం, అందుకే ఈ రెండోది రాస్తున్న. నేను ఐదో తరగతిల బడి మానేసినదాన్ని, తప్పులుంటే పాస్టరమ్మగారు దిద్దుతరు, జరిగింది మాత్రం నాకు పొల్లు పోకుండ యాదికున్నది.

మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిచేసేటోడు. ఆయన ప్రభువు దగ్గరికి పోయినంక క్వార్టర్ ఖాళీచేసి, నేను నా బిడ్డ శారోను తార్నాకల ఒక్క అర్రల కిరాయికి దిగినం. నేను ఆడపిల్లల హాస్టల్ల చపాతీలు చేస్త. నా బిడ్డ యూనివర్సిటీ క్యాంపస్‌ల కంప్యూటర్ చదువు చదివింది. చదువు అయిపోయినంక గూడ రోజూ క్యాంపస్‌కే పోయి, తనతోని చదివిన నరేష్ అనే పిల్లగానితోని క్యాంటీన్ పక్కన చెట్టుకింద కూసోని ఒక పని మొదలువెట్టింది.

అదేం పనో నాకు సమజ్ కానీకే నెల పట్టింది. ఫోన్లల్ల ఆడే ఆటలుంటయి కదా, అవి తయారుచేసేటోళ్లకు ఒక తిప్పలున్నదట, ఫోన్లు రెండు జాతులట, ఈ జాతికొకసారి ఆ జాతికొకసారి ఒకటే పనిని రెండుసార్లు రాసుకోవాల్నట. వీళ్లు చేసేది ఒక ఎక్స్‌టెన్షన్, అంటే ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు ముక్క, అది తగిలిస్తే ఒక్కసారి రాస్తే రెండు జాతుల ఫోన్లల్ల నడుస్తది. శారోనే నాకు చెప్పింది, "అమ్మా, నువ్వు ఒక్కసారి పిండి కలిపి చపాతీలు చేస్తవు, అండ్లనే పూరీలు చేస్తవు. వాళ్లు పాపం రెండుసార్లు కలుపుతున్నరు. గంతే."

అది పూర్తిచెయ్యాలంటే ఇద్దరు వేరే కొలువు లేకుండ ఆర్నెల్లు కూసోవాలె. అందుకని ఇంటర్నెట్ల ఒక పేజీ పెట్టిండ్రు, ఆ ఎక్స్‌టెన్షన్ కావాల్నన్నోళ్లు ఏ దేశం నుంచైనా ముందుగాలనే కొంత కొంత పైసలు వేస్తరు, చెప్పిన రోజుకు అనుకున్నంత నిండితే వీళ్లకొస్తది, కొంచెం తక్కువున్నా సరే మొత్తం ఎవరిది వాళ్లకు వాపస్ పోతది. ఆ పేజీ మీద పైసలు వచ్చినకొద్ది ముందుకు జరిగే ఒక ఆకుపచ్చ గీత ఉంటది. ఇంగ్లీషు రాకున్నా ఆ గీత ఎంత దూరం నడిచిందో నేను గూడ చూసేదాన్ని.

గడువు నలభై రోజులని శారోను చెప్పింది. ప్రభువు అరణ్యంల ఉపవాసమున్న నలభై దినాలంటే మనకు మామూలు మాటనా, ఇది దేవుడు పెట్టిన గడువే అనుకున్న. అది ఆ పేజీ పెట్టేటప్పుడు నరేష్ ఊరికే నొక్కిన అంకె అని తర్వాత తెలిసింది. నేను మాత్రం రోజూ మధ్యాహ్నం దాక ఉపవాసమున్న, లాప్‌టాప్ మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసిన. నరేష్ హిందువుల పిల్లగాడు, మంచోడు, నవ్వి అనేటోడు, "ఆంటీ, జర మా అమెరికా కస్టమర్ల దిక్కు గూడ ఒక మాట చెప్పుండ్రి పైకి."

ముప్పై ఆరో రోజు ఆదివారం. గీత నిండనీకే ఇంకా కొంచెం తక్కువున్నది. మన సంఘంల దానియేలు సార్ కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతరు కదా, తన దగ్గర నేర్చుకునే పిల్లలందరికి ఈ ఎక్స్‌టెన్షన్ తీసుకుంట, ఆదివారం ఆరాధన అయినంక పైసలు వేస్త అని శారోనుకు మాటిచ్చిండు. ఆయన వేస్తే నిండుతది. శారోను ఆ రోజు ఆరాధనకు రాలే, పేజీల అడిగినోళ్లకు జవాబులు రాసుకుంట క్యాంపస్‌ల కూసున్నది.

సాక్ష్యాల సమయంల ముగ్గురు అక్కలు లేచిండ్రు, ఒకామె కోడలికి కొలువు, ఒకామెకు ఆపరేషన్ లేకుండ రాయి కరిగింది, ఒకామె సొంతిల్లు. మా ఆయన పోయినకాన్నుంచి ఆ మైకు ముందర చెప్పుకునేది నాకేం లేకుండె. ఏమైందో, నా కాళ్లే లేచినయి. నా బిడ్డ గీత నిండింది, నలభై దినాలు కాకముందే దేవుడు నింపిండు, దేవునికే మహిమ అన్న. నమ్మకంతోని ముందే చెప్తున్న అని నాకు నేను సర్దిచెప్పుకున్న, కని సహోదరులారా, ఆ ముగ్గురి పక్కన నేను గూడ నిలబడాలన్నదే నా మనసుల ఉన్నది.

దానియేలు సార్ గూడ చప్పట్లు కొట్టిండు. నిండింది కదా, ఇంక మనదెందుకు అనుకోని అటే బస్సెక్కి ఊరికి పోయిండు.

మంగళారం శారోను అడిగింది, "అమ్మా, సార్ ఇంకా వెయ్యలే. ఒకసారి ఫోన్ చెయ్యనా?"

ఫోన్ చేస్తే నా మాట బయటపడుతది. "వద్దు బిడ్డా, పెద్దాయన, గుర్తు చేస్తే బాగుండదు. ఆయనకు యాదుంటది" అన్న.

గురువారం పగటిపూట గడువు అయిపోయింది, గీత చివరికి గోరంత దూరంల ఆగిపోయింది. వచ్చిందంత వచ్చినకాడికే వాపస్ పోయింది. శారోను లాప్‌టాప్ సంచిల పెట్టి అటక మీద పెట్టింది. నరేష్ ఊరికి పోయిండు.

మరునాడు మెట్రో మెట్ల కాడ శారోనుకు మన సంఘం విమలక్క ఎదురైందట. "ఏమ్మా, నిండిపోయిందంటగా, స్వీట్లేవి? మీ అమ్మ ఆదివారం మమ్మల్నందర్నీ ఏడిపించేసిందనుకో" అన్నదట. శారోను సీదా హాస్టల్ వంటింట్లకు వచ్చింది.

"చర్చిల ఏం చెప్పినవమ్మా?"

"నమ్మకంతోని చెప్పిన బిడ్డా."

"సార్‌కు ఫోన్ చెయ్యొద్దన్నది గూడ నమ్మకమేనా?"

పెనం మీద చపాతీ మాడుతున్నది.

"నువ్వు నా కోసం ప్రార్థన చేసినవా, నీ కోసమా?" అని అడిగి వెళ్లిపోయింది.

తర్వాత ఒక నెల నా బిడ్డ నాతోని మాట్లాడలేదు. ఒక్క అర్రల ఇద్దరం, నేను వండిపెడితే తినేది, కంచం కడిగేది, అంతే. జ్వరమని చెప్పి నేను నాలుగు ఆదివారాలు ఆరాధనకు రాలే, అది గూడ అబద్ధమే. మోకాళ్లు వేస్తే మాట వచ్చేది కాదు, ఏ నోటితోని ప్రభువా అనాలె? ఒకరోజు పిండి కలుపుతుంటే నా లోపట్నుంచి ఇంతే వచ్చింది, "తండ్రీ, నీ పేరు అడ్డం పెట్టుకోని నా పేరు నిలబెట్టుకున్న. నా బిడ్డ కష్టం పోగొట్టిన. నాకేం నింపకు, ఈ నోరు ఒక్కటి నాకు బాగుచెయ్యి."

ఆ ఆదివారం లేచి, అదే మైకుల, అదంత అబద్ధమని చెప్పిన. ఎవరు ఆమెన్ అనలేదు. దానియేలు సార్ తల దించుకోని వచ్చిండు, "సిస్టర్, ఆ పిల్లను ఒక్కమాట అడగకుండ పోయిన, నాది గూడ తప్పే" అన్నడు.

శారోను రాలే ఆ రోజు. కని విమలక్క ఫోన్ చేసి చెప్పిందట. సాయంత్రం నేను గోడకు ఒరిగి కూసుంటే, నా బిడ్డ కంచంల అన్నం పెట్టుకొచ్చి నా ముందర పెట్టింది. "తిను" అన్నది. నెల తర్వాత మొదటి మాట. ఆ ఒక్కమాటకు నేను గోడదిక్కు తిరిగి ఏడ్చిన, దేవునికే మహిమ.

ఇప్పుడు లాప్‌టాప్ అటక దిగింది. నరేష్ వచ్చిండు. శారోను పొద్దుగాల ఒక కొలువుకు పోతది, పగటికి క్యాంపస్‌కు పోతది. పని చిన్నగ చేసుకోని కొత్త పేజీ పెట్టిండ్రు, మొదట వేసినోళ్లల్ల కొందరు తిరిగొచ్చిండ్రు, కొందరు రాలే. ఆ రాని వాళ్లు నా మూలాన పోయినోళ్లు, ఆ బరువు నా మీదనే ఉన్నది. గడువు ఎన్ని రోజులో నేను అడగలే.

సహోదరులారా, మీ ఇండ్లల్ల గూడ నిండనివి ఉంటయి, అప్పుడు మైకు ముందర సాక్ష్యం లేదని సిగ్గుపడకుండ్రి, నిండలేదు తండ్రీ అని ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పుండ్రి, మాడిన చపాతీల వాసనతోని వచ్చిన నన్నే తోసెయ్యలేదు, మిమ్మల్ని తోసెయ్యడు, ఆయనను నమ్ముకోండ్రి.

మొన్న విమలక్క గేటు కాడ ఆపి అడిగింది, "ఎంతవరకొచ్చిందమ్మా గీత?"

"సగం కాడ ఆగింది అక్కా. నిండుతదో లేదో తెల్వదు" అన్న.

ఆ మాట చెప్పేటప్పుడు నా నోరు వణకలేదు. నాకు దొరికిన విడుదల ఇదే.