మేడం అరచెయ్యి

మేడం పోయి నెల కావస్తోంది. తాడేపల్లిగూడెంలో మాకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పింది ఆవిడే. ‘ఇలా అయితే ఇది, కాకపోతే అది’ అని మేం రాసుకుంటూ పోతే, ఏదో ఒక ‘కాకపోతే’ను తెర మీద అరచేత్తో మూసి, “ఇది తీసేస్తే ఎవరేడుస్తారండీ?” అనేవారు. మాకన్నా ఎంతో పెద్దావిడైనా అందరినీ అండీ అనే పిలిచేవారు.

ఒకరోజు, నా ప్రోగ్రాం నడవకపోతే కోర్సు మానిపించి పెదపాడులో చేపల చెరువు పనికి తీసుకుపోదామని బాబాయి వచ్చి కూర్చున్నారు. నేను రాసింది చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ ఎప్పుడు తిరగాలో చెప్పే ప్రోగ్రామే. షరతులో షరతు, దాన్లో ఇంకో షరతు. ఏ ‘కాకపోతే’ దేనిదో నాకే తెలియలేదు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినప్పుడు తిరగాల్సిన ఏరేటర్, బాగున్నప్పుడే తిరుగుతోంది.

మేడం అరచెయ్యి అడ్డుపెట్టారు.

“కరెంటు లేకపోతే అక్కడితో ఆపెయ్యండి. ఆక్సిజన్ సరిపోతే అక్కడితో ఆపెయ్యండి. ఇంక మిగిలింది తిప్పడమే కదండీ.”

సగం లైన్లు పోయాయి. ప్రోగ్రాం నడిచింది.

“మావాడికి వచ్చినట్టేనా అండీ?” అన్నారు బాబాయి.

“రాయడం ఎప్పుడో వచ్చిందండీ. చెరపడం ఇవాళ వచ్చింది.”

బాబాయికి అర్థం కాలేదు. అయినా నన్ను ఎక్కించుకోకుండానే బండి తీశారు.