పొయ్యి మీద ఇసుక, గోడ మీద అవ్వ

గోడవతలి అవ్వ పోయింది. మొన్న పొద్దున నేను బడికి బయలుదేరబోతుంటే ఆమె మరిది కొడుకు వీధి వాకిట్లో నిలబడి, "పంతులమ్మా, మా పెద్దమ్మ పోయింది. నిద్రలనే పోయింది" అని తల వంచుకున్నాడు. నాకు మొదట తోచిన మాట చెబితే మీరు నవ్వుతారు. ఈ సంగతి నాకు అవ్వ చెప్పలేదేమిటి అనిపించింది. ఈ ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరి బర్రె ఈనినా, ఇన్నేళ్ళుగా నాకు మొదట చెప్పింది ఆమే మరి.

బంట్వారం దిక్కున ఉన్న ఈ పల్లెకు నేను వచ్చేనాటికి నైజాం రాజ్యం పోయి ఎంతో కాలం కాలేదు. ఊరికి కొత్తగా బడి ఇచ్చారు. మాది వికారాబాద్. అమ్మానాన్నలు కూలి చేసుకుంటూనే నన్ను హాస్టల్లో పెట్టి చదివించారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే నా భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఒంటరి ఆడది, కిరస్తానీ, కొత్త మనిషి. వీటిలో ఏ ఒక్కటైతేనో ఊరు సర్దుకునేది. అన్నీ ఒక్క మనిషిలోనే వచ్చేసరికి కాస్త ఎక్కువైంది. బడి తెప్పించిన పటేలు మంచివాడే. అయినా మొదటిరోజే చెప్పేశాడు. "చూడు పంతులమ్మా, నీ మీద ఒక్క మాట లేచిందనుకో, నిన్ను ఈడ ఉంచుడు నా తోని గాదు."

ఇక్కడినుంచి పొమ్మంటే పోవడానికి నాకు మరో చోటు లేదు. అందుకని నలుగురి కంట పడకుండా, ఎవరితోనూ కలవకుండా, తలుపు వేసుకుని బతకడమే క్షేమమని తీర్మానించుకున్నాను. నాకిచ్చిన ఇంటికి, పక్కనున్న లింగాయతుల ఇంటికి మధ్య తాండూరు బండముక్కలు పేర్చిన గోడ ఒకటి ఉందని, ఆ గోడకు కళ్ళూ చెవులూ ఉన్నాయని అప్పటికి నాకు తెలియదు.

దిగిన మర్నాడే గోడ మీద ఒక ముఖం లేచింది. నుదుటి నిండా విభూతి, మెడలో లింగం, పోగుల బరువుకు సాగిపోయిన చెవులు.

"ఏనమ్మా, పొద్దుగాలకెల్లి పొగ లేస్తలేదు. వండలేదా?"

ఆమె పుట్టిల్లు సేడం వైపు. అందుకే ఏ మాటైనా కన్నడంలో మొదలై తెలుగులోకి వచ్చేది. తలనొప్పిగా ఉందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. సాయంత్రం బడి నుంచి వస్తుంటే దారిలో ఎదురైన ఆడవాళ్ళందరూ నా తలనొప్పి తగ్గిందా అని అడిగారు.

ఇక అది మొదలు. ఏం కూర, ఎవరి ఉత్తరం, ఆ చీర ఎక్కడ కొన్నావు, రాత్రి దగ్గు వచ్చిందెందుకు. నేను ఉప్పుకు వెళ్ళినా, నీళ్ళకు వెళ్ళినా, ఆ సంగతి నాకంటే ముందే ఊళ్ళోకి వెళ్ళేది. ఒళ్ళు మండేది. ఈ ముసలమ్మే నా కొంప ముంచుతుందని భయం కూడా వేసేది.

ఒక్క తోట దగ్గర మాత్రం ఆమె వేరే మనిషి. ఆమె పెరట్లో బీర, చిక్కుడు, పుంటికూర, బంతి. నాకు కనిపించేవి గోడ మీదికి పాకిన తీగల కొసలే. నా పెరట్లో గడ్డి కూడా మొలవదు. ఒకరోజు పాతగుడ్డలో మూటకట్టిన చిక్కుడు గింజలు గోడ మీద పెట్టింది. నేను వాటిని పాతి, మొలిచాయో లేదోనని రోజూ మట్టి కదిపి చూస్తుంటే గట్టిగా కసిరింది.

"దినాం తవ్వి జూడకు. మొక్కకు గూడ జర సిగ్గుంటది బిడ్డా."

ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ తొంగిచూసే మనిషి, మట్టిలో దాగిన గింజ జోలికి మాత్రం పోయేది కాదు. ఆ మాటకు నేను నవ్వాను. ఈ ఊరికి వచ్చాక నవ్వడం అదే మొదలు.

ఆ ఏడాది క్రిస్మస్ వచ్చింది. సెలవు దొరకలేదు, వికారాబాద్ వెళ్ళలేకపోయాను. పండగపూట ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక కేకు చేద్దామనుకున్నాను. అది హాస్టల్లో నేర్చుకున్న పని. పెద్ద గంజులో వాగు ఇసుక పోసి పొయ్యి మీద వేడెక్కనివ్వాలి. పిండి, వెన్న, బెల్లం, గుడ్లు కలిపిన గిన్నెను ఆ ఇసుకలో కూర్చోబెట్టి, పైన మూత పెట్టి, మూత మీద నిప్పులు పోయాలి. కింద సెగ, పైన సెగ. ఇంట్లో ఇంకేమీ అక్కర్లేదు.

కడిగి ఎండబెట్టిన ఇసుకను పెరటి పొయ్యి మీద గంజులో పోస్తుంటే గోడ మీద ముఖం లేచింది. నేను చూశాను. ఏమిటది అని అడుగుతుందని ఎదురుచూశాను కూడా. అడగలేదు. చప్పుడు చేయకుండా దిగిపోయింది. అవ్వ ఏదైనా చూసి అడగకుండా పోవడం అంతకుముందు ఎరగను.

గంజు మూత మీద నిప్పులు ఇంకా ఆరకముందే నా వాకిట్లోకి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఒకామె చాటలో జొన్నలు, ఒకామె కొంగులో కందిపప్పు, ఇంకొకామె చిన్న చెంబులో మజ్జిగ. ఎవరూ ఏమీ చెప్పరు, తెచ్చింది గడపలో పెట్టి నా ముఖం చూడకుండా నిలబడతారు. చివరికి ఒకామె అంది. "జీతం రాకుంటే మాకు చెప్పొద్దా పంతులమ్మా? ఊర్లె ఇంతమందిమి ఉండి..."

సంగతి అప్పుడు తెలిసింది. పంతులమ్మ ఇంట్లో గింజ లేదని, ఆ మాట నలుగురికీ తెలిస్తే నామోషీ అని, వండుకుంటున్నట్టు పొగ కనబడాలని పొయ్యి మీద ఇసుక పెట్టుకుని కూర్చుందని అవ్వ ఇంటింటికీ చెప్పి వచ్చింది. ఎదురుగా అడిగితే నేను సిగ్గుతో చచ్చిపోతానని నన్ను మాత్రం అడగలేదు.

నేను వెళ్ళి నిప్పులు తీసి మూత ఎత్తాను. కేకు పొంగి, పైన ఎర్రగా కాలి, వాకిలంతా యాలకుల వాసన. ఆడవాళ్ళంతా గంజులోకి తొంగిచూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. గోడ మీది నుంచి అవ్వ అరిచింది.

"నాకేం ఎరుక తల్లీ! పొయ్యి మీద గంజు పెట్టింది, గంజుల ఇసుక ఏసింది. ఆకలికి మతి గాని చలించిందేమోనని పరేషాన్ అయిన!"

తెచ్చినవి తీసుకుపొమ్మంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. కేకు ముక్క తిన్నవాళ్ళు తిన్నారు, పిల్లల కోసం కొంగున కట్టుకున్నవాళ్ళు కట్టుకున్నారు. అందరూ వెళ్ళాక మూల పోసి ఉన్న జొన్నల్ని చూస్తూ చాలాసేపు ఏడ్చాను. నేను ఈ ఊళ్ళో ఆకలితో ఉంటే ఎవరికైనా పట్టింపు ఉంటుందని నేను అనుకోలేదు.

పటేలు చెప్పిన ఆ ఒక్క మాట ఆ తర్వాత వానాకాలంలో లేచింది. తాండూరు బండల పనికి కుదిరిన మా తమ్ముడు, గది దొరికేదాకా నా ఇంట్లో ఉన్నాడు. వాణ్ణి ఊళ్ళో ఎవరూ అంతకుముందు చూసి ఉండలేదు. పంతులమ్మ ఇంట్లో మగవాడున్నాడని గుసగుసలు మొదలయ్యాయి. పటేలు చావడికి పిలిపించాడు. నేను వెళ్ళేసరికి అవ్వ అక్కడ ముందే కూర్చుని ఉంది. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

నేను నోరు తెరవకముందే ఆమె మొదలుపెట్టింది.

"ఆ పోరడు వచ్చింది ఐతారం పొద్దుగూకే యాళ్ళ. వచ్చుడు వచ్చుడే, 'అక్కా, అమ్మకు దగ్గు తగ్గలే' అన్నడు. ఈమె ఏడ్చింది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఆడు వాకిట్ల పండిండు, ఈమె లోపట గొళ్ళెం పెట్టుకున్నది. దినాం గంతే. తమ్ముడు గాకుంటె అమ్మ దగ్గు ముచ్చట ఎందుకు చెప్తడు? ముక్కు జూడరాదు, ఇద్దరిది ఒక్కటే ముక్కు."

పటేలు నవ్వు ఆపుకుంటూ, "నీకు నిద్రనే రాదా అవ్వా?" అన్నాడు.

"నాకు నిద్రొస్తె ఊరికి నిజం ఎవ్వలు చెప్తరు పటేలా?"

చావడిలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుతో మాట సమసిపోయింది. తిరిగి వస్తూ దారిలో ఆమె నావైపు చూడకుండానే అంది. "నీ ఇంట్ల ఏమున్నదో నేను చెప్తనే ఉంట బిడ్డా. నేను చెప్పకపోతె ఊరు లేనిది చెప్తది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నేను తలుపు వేసుకుని కాపాడుకోవాలనుకున్నదాన్ని ఆమె తలుపులన్నీ తెరిచి కాపాడింది. ఆ రోజు నుంచి ఆమె అడగకముందే చెప్పడం నేర్చుకున్నాను. గోడ దగ్గరికి వెళ్ళి, "అవ్వా, ఇవాళ చారు పెట్టిన" అని నేనే అనేదాన్ని.

మీకొక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఇంటి గడప నేను ఏనాడూ దాటలేదు. దాటమని ఆమె అనలేదు, దాటుతానని నేను అడగలేదు. ఆమె చిక్కుడుకాయలు నేను తిన్నాను, నా చేతివంట ఆమె ముట్టలేదు. బాధ లేదంటే అబద్ధం. కానీ ఆ కేకు మీద ఆమెకు ఆశ పోలేదు. మరుసటి క్రిస్మస్‌కు గోడ మీది నుంచి గొంతు తగ్గించి అడిగింది. "గుడ్డు లేకుంట అయితదా?"

పెరుగు, తినేసోడా వేస్తే అవుతుందన్నాను.

"అయితె నా పొయ్యి మీద, నా గంజుల నేనే చేస్త. నువ్వు ఆడికెల్లి చెప్పు."

అట్లా గోడకు అటొక పొయ్యి, ఇటొక పొయ్యి వెలిగాయి. నేను ఇసుక పోశాను అంటే ఆమె పోసేది. నేను మూత పెట్టాను అంటే ఆమె పెట్టేది. మధ్యమధ్య మూత తీసి చూస్తోందని చప్పుడును బట్టి తెలిసేది. తియ్యకు అవ్వా అంటే, తియ్యలేదు అనేది. చివరికి ఆమె కేకు అడుగు మాడి, నడుమ కుంగిపోయి, రొట్టెకంటే గట్టిగా వచ్చింది. అందులోంచి ఒక ముక్క గోడ మీద పెట్టి, "ఊర్లె చెప్పకు" అంది. ఊరి గుట్టంతా విప్పిన మనిషి దాచమని నన్ను అడిగింది అదొక్కటే. ఇన్నాళ్ళూ దాచాను, ఇదిగో ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఏమీ అనుకోదులే.

ఆమె కూడా ఒంటరిదే. మొగుడు ఎప్పుడో పోయాడు, కడుపున పుట్టినవాళ్ళు నిలవలేదు. మరిది కొడుకు ఊరి చివర చేను దగ్గర ఉండేవాడు, కాలానికి గింజలు పంపేవాడు. ఒక ఎండాకాలం నేను సెలవులకు వికారాబాద్ వెళ్ళి తిరిగి వస్తే అవ్వ చిక్కి సగమైంది. ఏమైందవ్వా అంటే, "ఏం గాలే. వండబుద్ధి గాలే. ఏం వండిననో ఎవ్వరికి చెప్పాలె?" అంది. అప్పటినుంచి ఆమె నన్ను అడిగాక నేనూ ఆమెను అడిగేదాన్ని. నువ్వేం వండినవ్ అవ్వా అంటే చాలు, ఆమె ముఖం వెలిగిపోయేది. పప్పులో ఎన్ని మిరపకాయలు వేసిందో కూడా చెప్పేది.

మొన్న మరిది కొడుకు చెప్పగానే బడికి వెళ్ళకుండా ఆ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఆగిపోతే అతనే, "లోపలికి రా పంతులమ్మా" అన్నాడు. ముందు అరుగు మీద అవ్వను వాళ్ళ పద్ధతిలో కూర్చోబెట్టారు. నుదుట విభూతి, మెడలో బంతిపూల దండ. దండం పెట్టుకున్నాను. చుట్టూ చుట్టాలు, జంగమయ్య. ఎక్కడ నిలబడాలో తెలియక పెరట్లోకి నడిచాను.

కొసలే తప్ప మొదళ్ళు ఎరగని తీగలు అన్నీ అక్కడ ఉన్నాయి. గోడవారన మాత్రం మొక్క లేదు. అక్కడ బండముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పై బండ రెండు పాదాల మేర నున్నగా అరిగిపోయి ఉంది. ఆమె పొట్టి మనిషని నాకు తెలుసు. అటువైపు నేల ఎత్తుగా ఉంటుంది కాబోలు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ బండ మీదికి ఎక్కాను. గోడ మీదుగా నా ఇల్లు కనిపించింది. అటునుంచి నేను దాన్ని చూడటం అదే మొదటిసారి. దగ్గరగా వేసిన తలుపు. వెలిగించని పొయ్యి. కడిగి బోర్లించిన ఒక కంచం, ఒక గ్లాసు. దండెం మీద ఒక్క చీర. ఆ ఇంటిని అక్కడినుంచి చూస్తే ఎవరికైనా, వండుకున్నావా, తిన్నావా అని ఒక్క కేక వేసి అడగాలనిపిస్తుంది. నాకూ అడగాలనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు.