కోట గుమ్మం ముందు బూట్లు

మా కోట వయసులో నాకంటే చిన్నది. అసలు కోట ఎప్పుడో చెదలు పట్టి, మిగిలిన కర్ర ఎవరెవరి పొయ్యిల్లోకో పోయింది. దొరికిన ఒక్క పాత బొమ్మను చూసి, నేను డిగ్రీ చదివే రోజుల్లో, యూకలిప్టస్ దుంగలు పాతి మళ్ళీ కట్టారు. మేకులు ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్లో కొన్నవి. అయినా వచ్చిన ప్రతివాళ్ళూ ఆ దుంగల మీద అరచెయ్యి ఆనించి, ఎంత చరిత్ర చూసిందో అని నిట్టూరుస్తారు. నేను పక్కనే బల్ల ముందు నిలబడి క్యారెట్లు తరుగుతుంటాను. నేను మాట్లాడకూడదు కాబట్టి మేకుల సంగతి చెప్పను.

మాట్లాడకపోవడమే నా పాత్ర. తెల్లవాళ్ళు ఈ దేశంలోకి చొచ్చుకుపోతున్న రోజుల్లో, సరిహద్దు సైనికుల కోసం కట్టిన కోట అది. ఇప్పుడు మ్యూజియం. వారాంతాల్లో మాలాంటి వాలంటీర్లం పాతకాలం బట్టలు తొడుక్కుని, ఆ కాలంలోనే బతుకుతున్నట్టు అక్కడ తిరుగుతాం. ఒకాయన సార్జెంటు, ఒకాయన కమ్మరి, ఒకావిడ కెప్టెన్‌గారి భార్య. నేను వంటింట్లో పనిమనిషిని. కోటలో కాలం ఒకానొక సంవత్సరం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి సంగతులేవీ మాకు తెలియకూడదు. ఎవరైనా ఫోను చూపిస్తే అదేం వస్తువో అన్నట్టు బెదిరి చూడాలి. మేముండే క్లైడ్ నార్త్ నుంచి గంటన్నర జీపీఎస్ చెప్పిన దారినే వచ్చి, ఫోనుని చూసి బెదరడం అంత తేలికేం కాదు.

"ఇంట్లో వంటంటే ఓపిక లేదంటావు, అక్కడికెళ్ళి ఫ్రీగా చేస్తావా?" అనేవారు మావారు, నేను శనివారం పొద్దున్నే ఏప్రనూ టోపీ కారులో పడేసుకుంటుంటే.

"అక్కడ నేను వండింది తిని వంకలు పెట్టేవాళ్ళు లేరండీ. హాయిగా ఉంటుంది."

అసలు కారణం అది కాదని ఆయనకీ తెలుసు. గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో పదకొండేళ్ళు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఇక్కడికొచ్చాక నా ఎం.ఏ. ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక వృద్ధాశ్రమం ఆఫీసులో నర్సుల డ్యూటీ రోస్టర్లు వేస్తూ కూర్చున్నాను. మళ్ళీ ఒక్కసారి పిల్లల ముందు నిలబడి చరిత్ర చెప్పాలి. కోటలో గైడు పని ఉంది, స్కూలు పిల్లలకి చెప్పే పని. నేను చేరింది దానికోసం. ఇచ్చింది క్యారెట్లు.

"నీ యాక్సెంట్ ఆ పీరియడ్‌కి సూట్ అవదు, డార్ల్," అన్నాడు మా కోఆర్డినేటర్. సార్జెంటు వేషం ఆయనదే.

"సార్జెంటు ఐర్లండ్ మనిషని స్క్రిప్టులో ఉంది కదా. మీరు ఫుటీ మ్యాచికి కామెంటరీ చెప్తున్నట్టు మాట్లాడుతున్నారు. అది సూట్ అవుతుందా?"

"దట్స్ డిఫరెంట్," అన్నాడు. ఎలా డిఫరెంటో ఏడాదిపాటు అడుగుతూనే ఉన్నాను.

ఇలా ఉండగా వంటింటి మట్టినేల పెచ్చులూడటం మొదలుపెట్టింది. అన్నేసి స్నీకర్లు తొక్కితే ఏ మట్టి ఆగుతుంది? మ్యూజియం నడిపే కమిటీ మూడు మీటింగులు పెట్టుకుని ఏదో ప్లాస్టిక్ పూత గురించి చర్చించింది. నాలుగో మీటింగులో నేను ఆవుపేడ అన్నాను. అందరూ కాసేపు టీ కప్పుల్లోకి చూశారు. తర్వాత ఎవరో ఏదో పాత ఉత్తరంలో అదే మాట చదివానన్నారు కాబట్టి ఒప్పుకున్నారు. పక్క డెయిరీ నుంచి రెండు బకెట్లు తెప్పించి, శనివారం తలుపులు తీయకముందే పోయి ఎర్రమట్టి కలిపి అలికేశాను. ఆవు ఏ దేశానిదైతేనేం, చెయ్యి మర్చిపోలేదు. వాసన కూడా మా అమ్మమ్మ వంటింటి వాసనే.

అక్కడే పొరపాటు జరిగింది. అలికిన నేల ఆరాక మళ్ళీ లోపలికి వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర ఆగి బూట్లు విప్పేశాను. ఆలోచించి చేసింది కాదు. అలికిన వంటింట్లోకి బూట్లతో వెళ్ళడానికి నా ఒళ్ళు ఒప్పుకోలేదు, అంతే. కాసేపటికి మొదటి కుటుంబం వచ్చింది. తండ్రి నా బూట్ల వైపు చూశాడు, నా కాళ్ళ వైపు చూశాడు, పిల్లల చెవిలో ఏదో చెప్పి తన బూట్లు విప్పాడు. వాళ్ళని చూసి వెనకవాళ్ళు. మధ్యాహ్నానికి ఆ గుమ్మం ముందు చూస్తే క్లైడ్ నార్త్‌లో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం జరుగుతున్నట్టుంది. ఎందుకు విప్పుతున్నారని నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను మాట్లాడకూడదు.

మా కమిటీ ప్రెసిడెంటు రిటైరైన మాస్టారు. ఎనభై దాటినా వచ్చి ప్రతిదీ స్వయంగా చూసుకుంటాడు. ఆ బూట్ల వరస చూసి ముగ్ధుడైపోయాడు. నెల తిరక్కుండా మా కరపత్రంలో కొత్త పేరా వచ్చింది: 'బురద లోపలికి రాకుండా సైనికుల భార్యలు గుమ్మం ముందే బూట్లు విప్పేవారు. దయచేసి ఈ ప్రాచీన ఆచారాన్ని పాటించండి.'

నేను పరుగున కోఆర్డినేటర్ దగ్గరికి వెళ్ళాను. "అది నా అలవాటండీ. మా ఇళ్ళల్లో అందరం చేస్తాం. ఇక్కడ సైనికుల భార్యలు విప్పారో తొడిగారో ఎవరికి తెలుసు?"

"బట్ ఇట్ ఫీల్స్ రైట్," అన్నాడు. "రివ్యూల్లో అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు."

నాకు ఒళ్ళు మండటానికి వేరే కారణం ఉంది. గైడు స్క్రిప్టులో ఒక వాక్యం ఉంది: 'బయటి ప్రమాదాల నుంచి రక్షణ కోసం ఈ కోటను కట్టారు.' ఏమిటా ప్రమాదాలు, కంగారూలా అని ప్రతి మీటింగులో అడిగేదాన్ని. అక్కడ అంతకుముందే మనుషులున్నారు. వాళ్ళ నేల మీదే ఈ కోట లేచింది, వాళ్ళని దూరం పెట్టడానికే లేచింది. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళల్లో ఒక పెద్దావిడ, ఊరంతా ఆవిణ్ణి ఆంటీ అనే పిలుస్తారు మనలాగే, తన నాయనమ్మ నోట విన్న సంగతులన్నీ రాసి కమిటీకి ఇచ్చింది. ఆ కాగితాలు ఫైల్లో ఉన్నాయి. ఫైలు సబ్‌కమిటీ పేరు మీద ఆఫీసు అలమరాలో ఉంది. సబ్‌కమిటీలో ఎవరున్నారో ఎవరికీ గుర్తులేదు. "ఆధారాలు సరిపోవాలమ్మా, చరిత్ర విషయంలో తొందర పనికిరాదు," అంటాడు ప్రెసిడెంటు. నా బూట్ల విషయంలో ఆ తొందర నెల రోజుల్లో పనికొచ్చింది.

అంతలో కెప్టెన్‌గారి భార్య క్వీన్స్‌లాండ్‌కి ఇల్లు మారిపోయింది. గైడు కావలసింది ఆవిడే. వేరే ఎవరూ దొరక్క నాకు కబురొచ్చింది. ఒక స్కూలు బ్యాచికి చెప్పాలి, ప్రెసిడెంటూ కోఆర్డినేటరూ వెనక కూర్చుని వింటారు, నచ్చితే ఆ పని నాదే. "స్టిక్ టు ద స్క్రిప్ట్, ప్లీజ్," అన్నాడు కోఆర్డినేటర్. సరేనన్నాను. నిజంగానే అన్నాను.

వారమంతా హాల్లో మావారిని సోఫాలో కూర్చోబెట్టి ప్రాక్టీసు చేశాను. బూట్ల పేరా దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాగితం పక్కన పడేసేదాన్ని.

"ఒక్క రోజు వాళ్ళు చెప్పమన్నది చెప్పేసెయ్," అన్నారాయన. "జాబ్ వచ్చాక నీ ఇష్టమొచ్చినట్టు వాదించుకో."

"పిల్లలు సొంతంగా కల్పించి రాసిన ఆన్సర్లకి పదకొండేళ్ళు సున్నాలు వేసినదాన్నండీ!"

"ఇప్పుడు సున్నా వేసేది వాళ్ళు కదా మరి."

స్క్రిప్టు మళ్ళీ మొదటి పేజీకి తిప్పాను.

ఆ రోజు వచ్చినవాళ్ళు పదేళ్ళ పిల్లలు. గుమ్మం ముందు స్నీకర్లు కుప్పగా పోసి లోపలికొచ్చి నేల మీద కూర్చున్నారు. ఒక్క పిల్ల మాత్రం తనవి జతగా గోడవారకి పెట్టి, లేసులు లోపలికి దోపి వచ్చింది. మనవాళ్ళింటి పిల్లేనని అప్పుడే తెలిసిపోయింది. నేను మొదలుపెట్టాను. దుంగలు, తుపాకులు, రొట్టె, ఉప్పు మాంసం, అన్నీ స్క్రిప్టు ప్రకారమే. బాగా చెప్తున్నానని నాకే తెలుస్తోంది. ఎన్నేళ్ళయిందో అలా అన్ని కళ్ళు నావైపు చూసి. బయటి ప్రమాదాల వాక్యం కూడా కళ్ళు మూసుకుని మందు మింగినట్టు మింగేశాను. బూట్ల పేరా కూడా చెప్పేశాను. వెనక ప్రెసిడెంటు తలాడిస్తున్నాడు. అయిపోయింది, పని నాదే అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తింది. దాని చూపు నా పాదాల మీద ఉంది.

"ఆంటీ, మై మమ్ హాజ్ దోజ్ టూ!"

నా మట్టెలు. టోపీ దగ్గర్నుంచి గౌను అంచు దాకా అన్నీ ఆ కాలానివే, వేళ్ళకి మాత్రం తెనాలిలో చేయించిన వెండి మట్టెలు. సైనికుల భార్యలందరూ అవి పెట్టుకునేవాళ్ళా అని అడిగింది, ఎంతో సంతోషంగా.

తల తిప్పి చూశాను. ప్రెసిడెంటు జేబులోంచి పెన్ను తీస్తున్నాడు.

ఇంకో నెలలో మట్టెలు కూడా కరపత్రంలోకి ఎక్కుతాయి. గిఫ్ట్ షాపులో అమ్మకానికి కూడా పెడతారు. ఇక నావల్ల కాలేదు.

"లేదమ్మా," అన్నాను. "ఇవి నావి. నీకు ఇవి ఎక్కడివో తెలుసు. బూట్లు విప్పడం కూడా నాదే, మీ ఇంట్లోలాగే. సైనికుల సంగతి ఎవరికీ తెలియదు. ఇందాక నేను మీకు అబద్ధం చెప్పాను."

అబద్ధం అన్న మాటకి పిల్లలకి ప్రాణం లేచొచ్చింది. ఇంకేమేం అబద్ధాలని నలుగురైదుగురు ఒకేసారి అరిచారు. మేకులు చెప్పాను. సార్జెంటు యాస చెప్పాను. తర్వాత బయటి ప్రమాదాలేమిటో చెప్పాను. ఈ నేల ఎవరిదో, వాళ్ళనేం చేశారో, వాళ్ళ మునిమనవరాలు ఒకావిడ ఈ ఊళ్ళోనే ఉందని, ఆవిడ రాసిన కాగితాలు ఆఫీసులో మూడో అలమరాలో ఉన్నాయని చెప్పాను. వాళ్ళ టీచరు వెళ్తూ వెళ్తూ చాలా ఇంటరాక్టివ్‌గా ఉందని కోఆర్డినేటర్ చెయ్యి ఊపేసి పోయింది.

ఈమెయిలు మంగళవారం వచ్చింది. నా ఉత్సాహానికి ధన్యవాదాలు, స్క్రిప్టు దాటినందుకు విచారం, వంటింటి పాత్రకే నేను బాగా సరిపోతానని కమిటీ అభిప్రాయం. చివర్లో ఒక ముక్క: నేల పాడవకుండా ఉంటోంది కాబట్టి బూట్లు విప్పే ఆచారం యథాతథంగా కొనసాగుతుంది.

మావారు చదివి ఫోను తిరిగిచ్చారు. "సాటర్‌డే వెళ్తావా?" అని మాత్రం అడిగారు.

వెళ్ళాను. బూట్లు విప్పకుండా వెళ్ళాను. నేను అలికిన నేలని నేనే తొక్కుతుంటే అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా జలదరించింది. అయినా విప్పలేదు. క్యారెట్లు తరుగుతూ నిలబడ్డాను. పదకొండింటికి చూడటానికొచ్చిన ముసలి దంపతులిద్దరు సాక్సులతో లోపలికొచ్చారు. ఆవిడ చేతిలో కరపత్రం. నా బూట్లు చూసి మొహం చిట్లించింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, లవ్. ఆ రోజుల్లో వాళ్ళు లోపల బూట్లు వేసుకునేవాళ్ళు కాదు. నీకెవరూ చెప్పలేదా?"

కిటికీ అవతల నుంచి కోఆర్డినేటర్ మాట్లాడొద్దని చెయ్యి ఊపుతున్నాడు.

కత్తి కింద పెట్టాను. గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు విప్పి వాళ్ళ బూట్ల పక్కన పెట్టాను. వాళ్ళవి చీలమండల పైదాకా లేసులు ఎక్కించిన కొండలెక్కే బూట్లు. మళ్ళీ తొడుక్కుని బయటపడాలంటే బాగానే టైము పడుతుంది. తిరిగొచ్చి వాళ్ళకి పొయ్యి పక్కన బెంచీ జరిపాను.

"కూర్చోండి," అన్నాను. "ముందు మీ చేతిలో ఉన్న ఆ కాగితం ఎవరి బూట్లు చూసి రాశారో చెప్తాను."