గట్టు మీద సున్నపు గుర్తులు

ఒక సభలో మాట్లాడటానికి వెళ్తూ మదనపల్లెలో కుప్పం బస్సు ఎక్కాను. పక్క సీటులో ఒకామె ఒడిలో బరువైన గోనెమూటతో కూర్చుని ఉంది. కురబలకోట దగ్గర కొండ మీది పల్లె నుంచి పిల్లల్ని పాత జీపులో బడికి తీసుకెళ్లేది ఆమేనట. సాయంత్రం తిరిగి ఆ కొండగట్టు ఎక్కేటప్పుడు జీపు ఆగిపోతోందట. దాంతో సగంమంది బడి మానేశారట.

"అందరూ పెద్ద ఇంజన్ ఎక్కించమంటాండారు. పూజారి అమ్మవారికి కోడిని కోయమన్నాడు."

నేను మూఢనమ్మకాల మీద ఉపన్యాసం అందుకున్నాను. ఆమె నవ్వింది.

"యాల అరుస్తావప్పా? కోసినాము, కూర తిన్నాము. జీపు మళ్ళా ఆడనే ఆగె."

ఆగిన ప్రతిచోటా బండ మీద సున్నంతో గుర్తు పెట్టిందట. పన్నెండుమంది ఎక్కితే కింది బండ దగ్గర, ఎనిమిదిమందైతే పైమలుపులో.

"అమ్మవారు పిల్లకాయల్ని లెక్కబెట్టి ఆపుతాదా? బరువప్పా, బరువు!"

"మరి పెద్ద ఇంజన్ పెట్టొచ్చుగదమ్మా?"

"దాని ఊపుకు పాత గేర్ల పండ్లు రాలిపోతాయి. దిగేటప్పుడు బ్రేకులూ సాలవు. ఉండే బలమే సక్రం దాకా రావల్ల."

మూట విప్పి అరిగిన గేరు చూపించింది. దాని బదులు వేగం తగ్గించి లాగుడు పెంచే గేరు వేయించాలని పుంగనూరు మెకానిక్ దగ్గరికి వెళ్తోంది.

"అదీ పనిచేయకపోతే?" అన్నాను.

"యాడ ఆగుతాదో మళ్ళా గుర్తు పెడతా. ఆగకుంటే సున్నం మిగుల్తాది."

పుంగనూరులో మూట భుజాన వేసుకుని చకచకా దిగిపోయింది.

ఇప్పుడు సభలో వాదనకు లేచే ముందు, నేను స్వయంగా ఏం పరీక్షించి చూశాను, ఏ బండ మీద గుర్తు పెట్టి వచ్చాను అని ఒక్క క్షణం ఆగుతాను.